లేక్ గడ్డకట్టకముందే: మిన్నెసోటా చలికాలానికి బోటును సిద్ధం చేయడం, మొదటి నుంచి చివరిదాకా

ఏప్రిల్ రెండో వారం. ఇంటి ముందు ట్రైలర్ మీదే బోటు. బోటు వెనక ప్రొపెల్లర్ ఉండే డ్రైవ్‌కి మఫ్స్ (హోస్ నీళ్ళని ఇంజిన్‌కి అందించే రబ్బరు కప్పులు) తగిలించి, తోటకి నీళ్ళు పెట్టే హోస్ తిప్పి, తాళం వేశాను. ఇంజిన్ ఒక్క తిప్పుకే అందుకుంది. నాలుగు నిమిషాలు ఆడించి ఆపి, ఎందుకైనా మంచిదని డిప్‌స్టిక్ లాగాను. దానికి అంటుకుని వచ్చింది ఆయిల్ కాదు, పాలు ఎక్కువైన ఫిల్టర్ కాఫీ రంగులో చిక్కటి నురగ. ఇంజిన్ ప్రధాన దిమ్మ, అంటే బ్లాక్, లోపల ఎక్కడో చీలింది, నీళ్ళు ఆయిల్లో కలిశాయి. ఆ వేసవంతా మాకు బోటు లేదు.

తప్పు నాదే. ముందటి అక్టోబరులో బ్లాక్‌లోని నీళ్ళు కారిపోయే రంధ్రానికి బిగించే డ్రెయిన్ ప్లగ్ విప్పాను. నాలుగు చుక్కలు కారి ఆగిపోయింది. అంతా ఖాళీ అయిందనుకుని ప్లగ్ బిగించేశాను. నిజానికి ఆ రంధ్రానికి లోపలివైపు తుప్పూ ఇసుకా పేరుకుని బిరడా పడింది, దాని వెనక నీళ్ళు నిండుకుండలా ఉన్నాయి. నీరు గడ్డకట్టేటప్పుడు దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. జనవరి రాత్రి ఆ ఉబ్బుకి పోత ఇనుము ఏం ఆగుతుంది?

అందుకే కింద అన్ని పనులూ చెప్పినా, నీళ్ళు దించే పని దగ్గర మాత్రం ఎక్కువసేపు ఆగుతాను. చాలామంది జాబితాలో అది ఒక్క గీతతో ముగిసిపోతుంది.

ఇది ఎవరికంటే: లేక్ నీళ్ళనే లాక్కుని ఇంజిన్ చల్లబరుచుకునే స్టెర్న్‌డ్రైవ్ బోటు (ఇంజిన్ లోపల, ప్రొపెల్లర్ ఉన్న డ్రైవ్ వెనక బయట) ఉన్నవాళ్ళకి. నాది 19 అడుగుల బౌరైడర్ (ముందుభాగంలోనూ సీట్లుండే బోటు), వీ-6 ఇంజిన్. ఔట్‌బోర్డ్ (వెనక బయట తగిలించే మోటారు) ఉన్న పాంటూన్, అంటే లోహపు గొట్టాల మీద తేలే చదునైన బోటు, అయితే పని సగం, అది మధ్యలో చెబుతాను. మిషిగన్, విస్కాన్సిన్ వాళ్ళకి ఇదంతా వర్తిస్తుంది. డాలస్‌లో ఉన్నవాళ్ళు మాకెందుకులే అనుకోకండి. 2021 ఫిబ్రవరిలో టెక్సస్ ఎలా గడ్డకట్టిందో చూశారుగా. చలి రాదన్న ధీమాతో నీళ్ళు దించని ఇంజిన్‌కి ఒక్క రాత్రి చాలు.

చివరి ట్రిప్పు: నీళ్ళు చల్లబడ్డాక

సెప్టెంబరు చివర ఆకులు రంగు మారే రోజుల్లో లేక్ మీద ఉండే అందం జూలైలో ఉండదు. నేనూ వెళతాను. కానీ గాలి 65 డిగ్రీల ఫారెన్‌హైట్ ఉందని టీషర్ట్‌తో దిగితే పొరపాటే, చూడాల్సింది నీటి చలి. నీటి భద్రత నేర్పేవాళ్ళు 1-10-1 అని ఒక లెక్క చెబుతారు. చల్లటి నీళ్ళలో పడ్డాక మొదటి 1 నిమిషం ఊపిరి మన అదుపులో ఉండదు, ఎగశ్వాస వస్తుంది, ఆ సమయంలో తల నీట మునిగితే అంతే. తర్వాత ఓ 10 నిమిషాలు మాత్రమే చేతులూ కాళ్ళూ మన మాట వింటాయి. ఒంట్లో వేడి పోయి స్పృహ తప్పడానికి దాదాపు 1 గంట పడుతుంది. అంటే లైఫ్ జాకెట్ లేనివాడిని ముంచేది ఆ గంట కాదు, మొదటి పది నిమిషాలే. "నాకు గోదాట్లో ఈత వచ్చు" అనే మాట ఇక్కడ పనికిరాదు. ఈతకి చేతులు ఆడాలి కదా.

జాకెట్ సీటు కింద ఉండటం వేరు, ఒంటి మీద ఉండటం వేరు. మిన్నెసోటాలో బోటు కదులుతున్నంతసేపూ 10 ఏళ్ళలోపు పిల్లలు జాకెట్ వేసుకునే ఉండాలి, అది చట్టం. పెద్దవాళ్ళకి అలాంటి నియమం లేదు. అయినా మా బోటులో లేబర్ డే (సెప్టెంబరు మొదటి సోమవారం) దాటాక అందరికీ అదే నియమం. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటక బోటు మునిగిన వార్త చూసిన రోజు నుంచి మా అమ్మ ఫోనెత్తగానే అడిగే మొదటి మాట "జాకెట్లు వేసుకుంటున్నార్రా?" అనే. అబద్ధం చెప్పాల్సిన అవసరం నాకు రాకూడదు.

ఇంకో సంగతి మనవాళ్ళ గురించే. స్టీరింగ్ దగ్గర ఎంతమంది, ఎంత బరువు అని రాసి ఒక రేకు అతికించి ఉంటుంది. పులిహోర డబ్బాలూ, కూలర్లూ, చివరి నిమిషంలో వచ్చిన ఇంకో కుటుంబం... "సర్దుకుందాం లెండి" అంటాం. బస్సులో సర్దుకోవచ్చు. బోటులో సర్దుకోవడం ఉండదు. రేకు మీద 8 అని ఉంటే తొమ్మిదోవాళ్ళు ఒడ్డున ఉండి రెండో ట్రిప్పులో రావాలి. పసిపిల్లలు కూడా లెక్కలోకే వస్తారు.

నడిపేవాళ్ళ ఒంటికి కిల్ స్విచ్ తాడు (వాళ్ళు పడిపోతే ఇంజిన్ ఆపేసేది) తగిలించి ఉండాలి. 26 అడుగుల లోపు మోటారు బోట్లకి ఫెడరల్ జలాల మీద 2021 ఏప్రిల్ 1 నుంచి ఇది తప్పనిసరి. లోపల ఇంజిన్ ఉన్న పెట్రోలు బోటుకి స్టార్ట్ చేసే ముందు నాలుగు నిమిషాలు బ్లోయర్ (ఇంజిన్ అరలోని గాలిని బయటికి తోసే ఫ్యాను) ఆడించాలి. ఇంజిన్ అరలో పెట్రోలు ఆవిరి పోగై ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు. ఇంజిన్ ఆడుతున్నప్పుడు వెనక మెట్టు మీద పిల్లల్ని కూర్చోనివ్వకండి. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

చివరి ట్రిప్పుకి వెళ్ళేముందే పెట్రోలు ట్యాంకులో స్టెబిలైజర్ (నిలవ పెట్రోలు చెడకుండా కాపాడే ద్రవం) కలపండి. ఆ ప్రయాణమే దాన్ని ఇంజెక్టర్ల దాకా తీసుకెళుతుంది, ఇంటి దగ్గర ప్రత్యేకంగా పది నిమిషాలు కాల్చక్కర్లేదు. మామూలు బంకు పెట్రోలులో 10 శాతం ఇథనాల్ ఉంటుంది. అది గాలిలో తేమని పీల్చుకుంటుంది, ఎక్కువైతే నీరూ ఇథనాలూ కలిసి ట్యాంకు అడుక్కి దిగిపోతాయి. మన మిన్నెసోటాలో బోట్లకి ఇథనాల్ కలపని పెట్రోలు దొరుకుతుంది. సీజన్ ఆఖరి ట్యాంకు దాంతోనే నింపండి, ధర ఎక్కువే అయినా. ట్యాంకు నిండుగా ఉంచాలా ఖాళీగానా అన్న వాదన ఎప్పటికీ తెగదు. నేను వసంతంలో వ్యాకోచానికి కాస్త చోటు వదిలి దాదాపు నిండుగానే ఉంచుతాను.

ర్యాంప్ దగ్గర

బోటు పైకి లాగగానే అక్కడే, రోడ్డెక్కకముందే, బోటు వెనక అడుగున ఉండే డ్రెయిన్ ప్లగ్ (ఇంజిన్‌ది కాదు) తీసేయాలి. లైవ్‌వెల్ (పట్టిన చేపల్ని ఉంచే తొట్టి), బిల్జ్ (బోటు అడుగుభాగం) నీళ్ళు వదిలేయాలి. ప్రొపెల్లర్‌కీ ట్రైలర్‌కీ చుట్టుకున్న నాచు పీకేయాలి. జీబ్రా మస్సెల్స్ అనే గుల్ల జీవులు ఒక లేక్ నుంచి ఇంకో లేక్‌కి పాకకుండా మిన్నెసోటా పెట్టిన నియమం ఇది. బోటు షెడ్డుకి వెళుతున్నా, ఇంటికి వెళుతున్నా ప్లగ్ తీసే ఉండాలి. బోటు కట్టుకునే డాకూ, బోటుని నీళ్ళ మీదకి ఎత్తిపెట్టే లిఫ్టూ తీసి వేరే లేక్‌కి తరలించేట్టయితే 21 రోజులు ఎండబెట్టాలి.

నీటి గీత దగ్గర పట్టిన గోధుమ రంగు మడ్డిని ఆ సాయంత్రమే కడగండి. తడి మీద వెనిగర్ నీళ్ళతో పోతుంది. వారం ఆగితే చేతులు పడిపోయేదాకా తోమాలి.

ఇంజిన్: వేడిగా ఉన్నప్పుడే

మఫ్స్ తగిలించి, ముందు నీళ్ళు వదిలి, తర్వాతే తాళం వేయాలి. వరస తప్పితే నీటి పంపులో తిరిగే ఇంపెల్లర్ రబ్బరు రెక్కలు నీళ్ళు లేక నిమిషంలోపే కాలిపోతాయి. థర్మోస్టాట్ (వేడెక్కితే తెరుచుకుని నీళ్ళు పోనిచ్చే కవాటం) తెరుచుకునేదాకా, అంటే సూది మామూలు వేడి దగ్గరికి వచ్చేదాకా ఆడించండి. కార్బ్యురేటర్ ఇంజిన్ అయితే ఆపేముందు ఫాగింగ్ ఆయిల్ లోపలికి కొట్టండి. తెల్లటి పొగ దట్టంగా వస్తుంది, పక్కింటివాళ్ళు కిటికీలు మూసుకుంటారు, ఏం ఫర్వాలేదు. సిలిండర్ గోడలకి ఆ ఆయిల్ పూత ఉంటే ఆరునెలల తేమకి తుప్పు పట్టదు. ఇంజెక్షన్ ఇంజిన్లకి పద్ధతి కంపెనీని బట్టి మారుతుంది, మాన్యువల్ చూసుకుని చేయండి.

ఆపగానే ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్ మార్చేయండి. వసంతంలో మార్చుకుందాంలే అని చాలామంది వదిలేస్తారు. వేసవంతా కాలిన ఆయిల్లో తేమా, ఆమ్లాలూ ఉంటాయి. అవి చలికాలమంతా బేరింగుల మీద కూర్చుంటాయి. వేడిగా ఉన్నప్పుడైతే పల్చగా ఉంటుంది, పంపుతో లాగితే తేలిగ్గా వస్తుంది.

తర్వాత డ్రైవ్‌లో గేర్ ల్యూబ్. కింది స్క్రూ ముందు తీసి, పళ్ళెం పెట్టి, పై స్క్రూ వదులు చేయండి. ధార కట్టి కిందికి వస్తుంది. మొదటి చెంచాడు జాగ్రత్తగా చూడండి, అసలు విషయం అదే చెబుతుంది. నూనె రంగులోనే ఉంటే అదృష్టం. మజ్జిగలా తెల్లబడి ఉంటే ఏదో సీలు పాడై నీళ్ళు వెళుతున్నాయని అర్థం. ఆ నీళ్ళు చలికి గడ్డకడితే డ్రైవ్ కేసు పగులుతుంది. స్క్రూ కొసకి ఉండే అయస్కాంతానికి సన్నటి బూడిదలాంటి పొడి ఉండటం మామూలే, లోహపు తునకలు కనపడితే మాత్రం మెకానిక్‌కి చూపించండి. కొత్త ల్యూబ్ కింది రంధ్రం నుంచే పంపుతో పైకి ఎక్కించాలి, పై రంధ్రంలోంచి పొంగేదాకా. పైనుంచి పోస్తే మధ్యలో గాలి ఇరుక్కుంటుంది. స్క్రూలకి వాషర్లు కొత్తవి వేయండి. వాటి మీద పిసినారితనం వద్దు.

నీళ్ళు దించడం

ఇక అసలు పని. డ్రైవ్ పూర్తిగా కిందికి దించండి, ట్రైలర్ ముందుభాగం కాస్త ఎత్తండి.

ముందు ఒక స్టీలు గిన్నె తెచ్చుకోండి. విప్పిన ప్రతి ప్లగ్ ఆ గిన్నెలోకే వెళ్ళాలి. మీ ఇంజిన్‌కి ఎన్ని ప్లగ్‌లో, ఎక్కడెక్కడో మాన్యువల్‌లో బొమ్మ ఉంటుంది, దాన్ని ఫోనులో ఫోటో తీసి పెట్టుకోండి. సాధారణంగా బ్లాక్‌కి ఎడమ ఒకటి, కుడి ఒకటి. రెండు ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌ల (ఇంజిన్ పొగ బయటికి పోయే లోహపు గొట్టాలు) అడుగున తలా ఒకటి. నీటి పంపుకి వెళ్ళే లావుపాటి గొట్టం, దాని పల్లపు కొస. పవర్ స్టీరింగ్ కూలర్ గొట్టం. కొన్ని ఇంజిన్లకి ఇంకొన్ని ఉంటాయి. పని అయ్యాక గిన్నెలో లెక్క బొమ్మతో సరిపోవాలి.

ఇప్పుడు బ్లాక్ ప్లగ్ విప్పారు. ఏం జరగాలి? ఈ పాటి ఇంజిన్ నుంచి నీళ్ళు ధారగా, కొంతసేపు ఆగకుండా రావాలి. చుక్కలు చుక్కలుగా వచ్చి ఆగిపోతే సంతోషించకండి. గట్టి తీగ ముక్క తీసుకోండి. నేను బట్టల హ్యాంగర్ తీగ కత్తిరించి కొస కాస్త వంచి వాడతాను. దాన్ని రంధ్రంలోకి తోసి, తిప్పి, గోకండి. మొదట ఏదో మెత్తటి గోడకి తగిలినట్టు ఉంటుంది. ఇంకొంచెం నొక్కితే తీగ హఠాత్తుగా లోపలికి జారుతుంది, వెంటనే ఎర్రమట్టి రంగు నీళ్ళు ఎగజిమ్మి ముంజేతి మీదుగా మోచేతి దాకా కారుతాయి. ఇసుక రేణువులు, తుప్పు పొలుసులు, ఒకసారి చిన్న నత్తగుల్ల కూడా వచ్చింది. అది చూసినప్పుడు పాత అక్టోబరు గుర్తొచ్చి నాకు కడుపులో తిప్పింది. ధార పల్చబడగానే మళ్ళీ గెలకండి. రెండు వైపులా, మానిఫోల్డ్‌లకీ ఇదే. ధారగా రాకపోయినా, వచ్చినా, తీగ పెట్టకుండా ఏ ప్లగ్‌నీ వదలకండి.

గొట్టాలు విప్పి కొసలు కిందికి వంచండి. పల్లపు మడతల్లో లోటాడు నీళ్ళు దాక్కుంటాయి. చివరిగా మఫ్స్ తీసేసి, ఇంజిన్ స్టార్ట్ కాకుండా చూసుకుని ఒకటి రెండు సెకన్లు క్రాంక్ చేస్తే పంపులో మిగిలినది కూడా బయటికి వస్తుంది.

తర్వాత గులాబీ రంగు యాంటీఫ్రీజ్. ప్రొపిలిన్ గ్లైకాల్‌తో చేసినదే కొనండి. కారుకి పోసే ఆకుపచ్చది ఇథిలిన్ గ్లైకాల్, విషం. వసంతంలో మొదటిసారి ఇంజిన్ తిప్పగానే అది నేరుగా లేక్‌లోకి పోతుంది. సీసా మీద మైనస్ 50 (ఫారెన్‌హైట్) అని ఉంటే అంతదాకా పైపు పగలదని అర్థం, అంతదాకా నీళ్ళలా ఉంటుందని కాదు. అంతకు చాలా ముందే ముద్ద ముద్దగా అయిపోతుంది. ఇంకో చిక్కు, లోపల నీళ్ళు మిగిలి ఉంటే అందులో కలిసి పల్చబడి దాని శక్తి పోతుంది. అందుకే నీళ్ళు దించకుండా మఫ్స్ ద్వారా బకెట్లోంచి యాంటీఫ్రీజ్ లాగించేసే షార్ట్‌కట్‌ని నేను నమ్మను. ఇంజిన్ చల్లగా ఉంటే థర్మోస్టాట్ మూసే ఉంటుంది, యాంటీఫ్రీజ్ బ్లాక్‌లోకి వెళ్ళకుండానే పక్కదారిలో బయటికి వచ్చేస్తుంది. వెనక గులాబీ రంగు కనపడింది కదా అని మనం మురిసిపోతాం. నేను ప్లగ్‌లు బిగించి, థర్మోస్టాట్ దగ్గర గొట్టాలు విప్పి, గరాటుతో చేత్తో పోస్తాను. బ్లాక్ నిండి పైకి వచ్చేదాకా, ఎగ్జాస్ట్‌లోంచి చిక్కటి గులాబీ రంగు కారేదాకా. నాకు నాలుగు గ్యాలన్లు పడుతుంది, ఐదు కొంటాను.

ఔట్‌బోర్డ్ వాళ్ళకి ఇంత బాధ లేదు. మోటారుని నిటారుగా కిందికి దించి ఉంచితే నీళ్ళు వాటంతటవే కారిపోతాయి. గేర్ ల్యూబ్, ఫాగింగ్, స్టెబిలైజర్ మాత్రం మామూలే. మోటారుని పైకి ఎత్తి వదిలేయకండి, ప్రొపెల్లర్ హబ్‌లోకి వాన, మంచు చేరితే అక్కడే గడ్డకడుతుంది. పాంటూన్ గొట్టాల్లో నీళ్ళు కదిలిన చప్పుడు వస్తే ఇప్పుడే తీయించండి.

లైవ్‌వెల్ పంపు, వాష్‌డౌన్ గొట్టం, సింకు ఉంటే దాని ట్యాంకు, పెద్ద అలలు లేపే వేక్ బోటు అయితే బరువు కోసం నీళ్ళు నింపే బ్యాలాస్ట్ ట్యాంకులు: వీటన్నిటిలోనూ యాంటీఫ్రీజ్ ఆడించండి. ఇంజిన్ అయిపోయిందన్న హుషారులో వీటిని మరిచిపోయేవాళ్ళు ఎక్కువ.

ఇదంతా చదివి తల తిరిగితే షాపుకి ఇచ్చేయండి, నామోషీ ఏం లేదు. కానీ ఏయే పనులు చేశారో బిల్లు మీద రాయించుకోండి. మీ బీమాలో గడ్డకట్టి పగిలినదానికి డబ్బు వస్తుందో లేదో కూడా చూసుకోండి, చాలా పాలసీలు ఇవ్వవు.

బ్యాటరీ

నిండా చార్జ్ ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ మన జనవరికి కూడా గడ్డకట్టదు. చార్జ్ అయిపోయినదైతే 20 డిగ్రీల ఫారెన్‌హైట్ దగ్గరే గడ్డకట్టి డబ్బా పగులుతుంది. కాబట్టి ఇంట్లోకి మోయడం కంటే నిండా చార్జ్ చేయడమే ముఖ్యం. నేను తీసి గరాజ్‌లో పెట్టి, నెలకోసారి మీటరు పెట్టి చూస్తాను, 12.6 వోల్టుల కంటే తగ్గితే చార్జరు తగిలిస్తాను. సిమెంటు నేల మీద పెడితే చార్జ్ పోతుందన్నది పాతకాలపు రబ్బరు డబ్బాల నాటి మాట. లిథియం బ్యాటరీ అయితే గడ్డకట్టే చలిలో మాత్రం చార్జ్ చేయకండి, లోపల పాడైపోతుంది.

కప్పడం, ఎలుకలు, ట్రైలర్

జాకెట్లు, తాళ్ళు, కుషన్లు ఇంట్లోకి తెచ్చి ఆరబెట్టండి. అగ్నిమాపకం మీద తయారీ సంవత్సరం చూడండి. ఒకసారి వాడి పారేసే రకం అయితే 12 ఏళ్ళు దాటితే చెల్లదు. చిరుతిళ్ళ పొట్లాలు ఒక్కటి కూడా లోపల ఉండకూడదు. సీటు సందులో ఇరుక్కున్న జంతికల ముక్క కోసం మా బోటులో ఎలుక కాపురం పెట్టి, కుషన్ దూదితో ఇంజిన్ మీద గూడు కట్టింది. ఎగ్జాస్ట్ రంధ్రాల్లో స్టీలు పీచు కుక్కండి. ఏప్రిల్‌లో తీయాలని స్టీరింగ్‌కి చీటీ కట్టండి.

టార్పాలిన్ కప్పితే కింద దూలంలా ఆధారం ఉండాలి, ఇంటి కప్పులా రెండు వైపులా వాలు ఉండాలి. లేకపోతే మంచు గుంటలో పేరుకుని, ఆ బరువుకి విండ్‌షీల్డ్ పోతుంది. గాలి ఆడే సందులు వదలండి, ష్రింక్ ర్యాప్ (వేడితో బిగిసే ప్లాస్టిక్ చుట్టు) చేయించినా వెంట్లు పెట్టించండి. లోపల తేమ నిలిస్తే బూజు పడుతుంది. ముందుభాగం ఎత్తుగా, వెనక ప్లగ్ రంధ్రం తెరిచే ఉండాలి, కరిగిన మంచు అటునుంచే పోతుంది.

ట్రైలర్ చక్రాల బేరింగులకి ఇప్పుడే గ్రీజు పెట్టండి, లోపల నీళ్ళుంటే ఆరునెలల్లో తుప్పు పడుతుంది. బయట వదిలేస్తే కప్లర్‌కి (బండికి తగిలించే ముందు కొక్కెం) తాళం వేయండి.

ఏప్రిల్‌లో

మంచు కరిగాక ముందు డిప్‌స్టిక్ చూడండి, తర్వాత మఫ్స్ మీద ఆడించి మళ్ళీ చూడండి. గొట్టాల క్లిప్పులు వదులైనవి బిగించండి. స్టీలు పీచు తీశారో లేదో చూడండి. ఇంట్లో నడపాలని ఉబలాటపడే టీనేజర్ ఉంటే మొదటి ట్రిప్పుకి ముందే ఆన్‌లైన్ కోర్సు చేయించండి. మిన్నెసోటాలో మోటారు బోటు నడపడానికి 2004 జూన్ 30 తర్వాత పుట్టినవాళ్ళకి 2025 జూలై 1 నుంచి పర్మిట్ అవసరమైంది, ఆ తర్వాత ఏటా ఇంకొంచెం పెద్దవాళ్ళకీ వర్తిస్తోంది. మే నెలలో ఎండ కాస్తుంది కానీ లేక్ నీళ్ళు ఇంకా చల్లగానే ఉంటాయి, పైన చెప్పిన 1-10-1 అప్పుడూ వర్తిస్తుంది.

ఇక బోటు అడుగున ఉండే ఆ డ్రెయిన్ ప్లగ్. అక్టోబరులో తీసినది ఆరునెలలు ఎక్కడ పెట్టామో ఎవరికీ గుర్తుండదు. ఏటా మే నెలలో ర్యాంప్ దగ్గర ఎవరో ఒకరి బోటు మడమల లోతు నీళ్ళతో వెనక్కి వస్తుంది. నేను ప్లగ్‌ని తీసిన రోజే తాళం చెవికి తీగతో కట్టేస్తాను. అది ఊడదీస్తేగానీ తాళం స్విచ్చులో దూరదు.